క్లోరిన్ ఉన్నా కొలను నీరు పచ్చబడుతుంటే

పరీక్షలో క్లోరిన్ 3 పీపీఎం (పది లక్షల పాళ్లకు 3 పాళ్లు) చూపిస్తున్నా ఈత కొలను నీరు ఎందుకు పచ్చబడుతోందని అడిగారు. మీ కొలనులో కొరత క్లోరిన్‌ది కాదు; రెండు వేసవులుగా క్లోరిన్ మాత్రలే వాడుతున్నామన్నారు కనుక, వాటితోపాటు కరిగే సయన్యూరిక్ ఆమ్లం (ఎండకు క్లోరిన్ పోకుండా మాత్రల్లో ఉండే పదార్థం) పేరుకుపోయి, ఆ క్లోరిన్‌ను నాచు మీద పనిచేయనివ్వకుండా పట్టి ఉంచుతోంది.

1. ముందుగా ఆ ఆమ్లం ఎంత ఉందో పరీక్షించండి. చాలామంది వదిలేసేది ఈ పనినే. అది ఎండకు పోదు, ఇసుక ఫిల్టరుకు చిక్కదు; 100 పీపీఎం ఉంటే సగం నీరు తోడి కొత్త నీరు నింపడం తప్ప మార్గం లేదు. కొలనును పూర్తిగా మాత్రం ఖాళీ చేయవద్దు, వానాకాలంలో భూగర్భజలం ఒత్తిడికి అడుగు పైకి లేచే ప్రమాదముంది.

2. పీహెచ్‌ను 7.2కు తెచ్చి గోడలను, ముఖ్యంగా చేతికి జిగురుగా తగిలే మెట్ల మూలలను, బ్రష్‌తో గట్టిగా రుద్దండి.

3. పొద్దుగుంకిన తర్వాత 10 శాతం ద్రవ క్లోరిన్‌ను ప్రతి 10,000 లీటర్ల నీటికి 2 లీటర్ల చొప్పున, పంపు నడుస్తుండగా పోయండి. మాత్రల డబ్బాలో బ్లీచింగ్ పౌడర్ ఎన్నడూ వేయకండి, రెండూ కలిస్తే పేలుతుంది.

4. ఫిల్టరును రాత్రింబవళ్లు నడుపుతూ, దానిలో పీడనం పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీటిని వెనక్కి పంపి ఫిల్టరును కడగండి. నీరు పచ్చదనం వీడి బూడిదరంగుకు తిరిగితే నాచు చచ్చినట్టే. అయినా రాత్రికి రాత్రి క్లోరిన్ 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గుతున్నంత కాలం మూడో పనిని, తగ్గినంత మేరకే పోస్తూ, కొనసాగించండి.

అడుగు స్పష్టంగా కనిపించి, క్లోరిన్ మామూలు స్థాయికి దిగేవరకు పిల్లలను దింపవద్దు.