నరం తెగి మోచెయ్యి వంగడం లేదు, ఆపరేషన్‌తో మళ్లీ కదలిక వస్తుందా?

చాలామందికి వస్తుంది, కానీ ఆలస్యం చేయకూడదు. బైక్ మీద నుంచి పడినప్పుడు మెడ దగ్గరి నరాలు వెన్నుపాము నుంచే ఊడిపోతే వాటిని మామూలుగా కుట్టి అతికించలేరు. వేళ్లు బాగా పనిచేస్తుంటే ఇంకో దారి ఉంది. 1994లో ఫ్రెంచ్ సర్జన్ క్రిస్టోఫ్ ఒబెర్లిన్ వివరించిన పద్ధతిలో, చేతివేళ్ల వైపు వెళ్లే అల్నార్ నరంలోంచి ఒకటి రెండు పోగులు తీసి, మోచేతిని వంచే బైసెప్స్ కండరానికి వెళ్లే నరానికి కలుపుతారు. మిగతా పోగులు ఉంటాయి కాబట్టి చేతి పట్టు సాధారణంగా దెబ్బతినదు.

నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. అందుకే కలిపే చోటు కండరానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. కదలిక మొదలైన కొత్తలో పిడికిలి బిగిస్తేనో, మణికట్టు మడిస్తేనో మోచెయ్యి వంగుతుంది! ఫిజియోథెరపీ చేస్తూ ఉంటే మెదడు కొత్త దారికి అలవాటు పడి, ఆ అవసరం తగ్గిపోతుంది.

‘అదే తగ్గుతుందిలే’ అని మసాజ్‌లతో నెలలు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నరలో కోలుకోలేనంత పాడవుతుంది. ఆరు నెలల లోపే ఆపరేషన్ జరిగితే మేలు. మరీ ఆలస్యమై కండరం అలా పాడైపోతే వేరేచోటి స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని) మళ్లించడమో, తొడలోని కండరాన్ని తెచ్చి అమర్చడమో చేస్తారు.