వల బిగించి కట్టు చిన్నా

చిన్నా, ఘట్‌కేసర్ ఇంటి పెరట్లో తొట్టి కట్టించి గోల్డ్ ఫిష్‌లు పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొల్లేటి పక్కన పుట్టినవాడివి, చేపల మీద మనసు పోయిందంటే నాకు సంతోషమే. టెన్షన్ కూడా అంతే ఉంది, అందుకే రాస్తున్నా.

గోడలు నిటారుగా, లోతు మూడడుగులకి తగ్గకుండా ఉంచు. గుడ్డికొంగ అంచున తక్కువ నీళ్లలో కదలకుండా నిలబడి పొడుస్తుంది, దానికి కాలు మోపే చోటు లేకపోతే సగం బాధ తప్పినట్టే. అడుగున పగిలిన కుండలు రెండు పడెయ్, చేపలు దాక్కుంటాయి. ప్లాస్టిక్ కొంగబొమ్మ మాత్రం కొనకు, నాలుగు రోజులు పోతే లకుముకిపిట్ట వచ్చి దాని నెత్తి మీదే కూర్చుంటుంది.

ఇక వల. మీ నాన్న ఘనకార్యం నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆకివీడులో మన నూతి పక్కన ఓ తొట్టి ఉండేది. కొంగలు వస్తున్నాయని వాడు పాత నైలాన్ వల తెచ్చి నీళ్ల మీద పరిచేసి, అంచులకి నాలుగు ఇటుకలు పెట్టి చేతులు దులుపుకున్నాడు. చెబితే వినే రకమా! వల మధ్యలో జారి నీళ్లని తాకింది, కొంగ గట్టు మీద నిలబడి దర్జాగా కంతల్లోంచే పొడుచుకు తింది. అది పోనీ. ఓ పొద్దున చూస్తే ఆ వదులు మడతల్లో నీరుకట్టె పాము చిక్కుకుని ఉంది, దారం పొలుసుల్లోకి దిగిపోయింది. వాడికి జాలెక్కువ కదా, కత్తెర పట్టుకుని చెయ్యి పెట్టాడు, అది కాస్తా వేలు పట్టేసింది. విషం లేని పామే, కానీ డాక్టరు ఆ మాట చెప్పేదాకా మీ నాన్నమ్మని పట్టుకోవడం మా వల్ల కాలేదు. ఇప్పటికీ నైలాన్ వల చూస్తే నాకు వాడి వేలి మీది నెత్తురే కనిపిస్తుంది.

అందుకని ఫ్రేము చేయించి, నీళ్లకి అడుగు ఎత్తున, నులకమంచం బిగించినట్టు బిగించు. దారం లావుగా ఉండాలి, అంచుల్లో సందు ఉండకూడదు. ఎప్పుడూ మేతకి పైకొచ్చే చేపలు ఉన్నట్టుండి రావడం మానేస్తే రాత్రి పిల్లి గానీ పాము గానీ వచ్చిందని అర్థం. పాము చిక్కితే మీ నాన్నలా చెయ్యి పెట్టకు, పాములు పట్టేవాళ్లకి ఫోన్ చెయ్.

అసలు సంగతి ఇది. మీ పాపకి ఇప్పుడిప్పుడే నడకొస్తోంది, కొంగని ఆపే వల దాన్ని ఆపదు. తొట్టి చుట్టూ గ్రిల్లు పెట్టించు, గడియ పైన ఉండాలి. అది పెట్టించేదాకా ఒక్క చేప కూడా కొనొద్దు. డబ్బులు తక్కువైతే నాకు చెప్పు, మీ అమ్మకి చెప్పకు.

మీ పెదనాన్న