తలకు దెబ్బ తగిలాక బాబు చదువులో వెనకబడుతున్నాడు: సమాధానం

మెదడు అలసటే కారణమై ఉండవచ్చు. బండి మీదనుంచి పడి మూడు నెలలైందని, స్కాన్ బాగానే ఉన్నా మీ తొమ్మిదేళ్ల బాబు బడి నుంచి రాగానే పుస్తకాలు విసిరేస్తున్నాడని రాశారు. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, ఎముక చిట్లడం తెలుస్తాయి. నరాల పోగులకు తగిలిన సన్నని దెబ్బ చాలాసార్లు కనిపించదు. దయచేసి వాడిని బద్ధకస్తుడని అనకండి.

1. న్యూరాలజిస్టుకు మళ్లీ చూపించి, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష అడగండి. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చేస్తారు.

2. చాలామంది వదిలేసేది ఇదే: బడికి రాతపూర్వకంగా తెలపడం. కుట్లు మాని, వాటి మీద జుట్టు పెరిగాక దెబ్బ సంగతే ఎవరికీ గుర్తుండదు. డాక్టరు ఉత్తరం తీసుకెళ్లి ఇవి అడగండి:
– మధ్యమధ్యలో కాసేపు విశ్రాంతి
– తక్కువ హోంవర్కు
– పరీక్షలో అదనపు సమయం
– ఒకసారికి ఒకే పని చెప్పడం
తరగతి మారినప్పుడల్లా కొత్త టీచరుకు ఆ ఉత్తరం మళ్లీ ఇవ్వాలి.

3. చిన్న పాప ముభావంగా ఉంటోందన్నారు. రోజూ పావుగంట తనకే ఇవ్వండి. అన్నయ్య తన వల్లే ఇలా అయ్యాడేమోనని పిల్లలు లోలోపల కుమిలిపోతారు.

వాంతులు, మూర్ఛ, మగత, పెరిగే తలనొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.