కీళ్ల డాక్టరు రాసిన మందును పేగుల డాక్టరు వద్దంటే?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 34 ఏళ్లు. ఆరేళ్లుగా క్రోన్స్ జబ్బు (పేగుల్లో వాపు, పుండ్లు) ఉంది. దానికి రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ వాడుతున్నాను, పేగులు నిలకడగానే ఉన్నాయి. కానీ ఏడాదిగా తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వస్తోంది. లేచాక గంటసేపు నడుము వంగదు, అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. వెన్నెముక కటి ఎముకతో కలిసే కీళ్లలో వాపు ఉందని ఎమ్మారైలో తేలింది. కీళ్ల డాక్టరు సెకుకినుమాబ్ ఇంజెక్షను రాశారు. పేగుల డాక్టరు అది వద్దే వద్దన్నారు. ఈలోగా నొప్పి తట్టుకోలేక డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంటున్నాను. నడుముకు హాయిగానే ఉంది గానీ విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. నేనెవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపండి. పేగు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను ఈ రకం మాత్రలు తగ్గిస్తాయి. అణిగి ఉన్న క్రోన్స్ కొందరిలో వీటితోనే మళ్లీ రేగుతుంది. మీ విరేచనాలకు కారణం మాత్రలా, జబ్బేనా అన్నది పేగుల డాక్టరు తేల్చాలి. మల పరీక్షలో పేగు వాపును తెలిపే కాల్‌ప్రొటెక్టిన్ చూస్తారు. డైక్లోఫెనాక్ వల్ల కూడా అది పెరుగుతుంది కాబట్టి ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వేసుకున్నారో తప్పక చెప్పండి. అప్పటి వరకు నొప్పికి పారాసెటమాల్ చాలు.

పేగులు బాగుంటే నడుము నొప్పి ఎందుకని మీకు అనిపించి ఉంటుంది. ఈ జబ్బులో మోకాలో చీలమండో వాచిందంటే చాలాసార్లు పేగు రేగినప్పుడే వాస్తుంది, పేగు సర్దుకుంటే తగ్గుతుంది. వెన్ను అలా కాదు. పేగు ఎంత ప్రశాంతంగా ఉన్నా దాని వాపు దానిదే. ‘కూర్చునే తీరు బాగాలేదు’ అన్న మాట విని ఏళ్ల తరబడి బాధపడి నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నొప్పిని ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక మీ డాక్టర్ల సంగతి. సెకుకినుమాబ్ వెన్ను వాపుకు మంచి మందు. పేగు జబ్బు లేనివారికి నేనూ రాస్తాను. కానీ దాన్నే క్రోన్స్‌కు మందుగా 59 మందిలో పరీక్షించి చూశారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం అది పనిచేయలేదు సరికదా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే దీన్ని తీసుకున్నవారికే ఇబ్బందులు ఎక్కువయ్యాయి. అందుకే ఈ విషయంలో పేగుల డాక్టరు మాటే సరైనది. అయితే వద్దనడంతో ఆయన పని అయిపోలేదు. మీ నడుము రేపు తెల్లవారుజామున కూడా నొప్పి పెడుతుంది. అజాథయోప్రిన్ దాన్ని తగ్గించలేదు.

మీలాంటివారికి నేను మొదట ఆలోచించేది అడాలిముమాబ్ లేదా ఇన్‌ఫ్లిక్సిమాబ్. వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లివి, రెండూ పేగుకీ వెన్నుకీ పనిచేస్తాయి. అదే కోవలోని ఎటనర్సెప్ట్ మాత్రం కీళ్లకు మేలు చేసినా క్రోన్స్‌కు పనికిరాదు. కాబట్టి ‘టీఎన్‌ఎఫ్ ఇంజెక్షను’ అంటే సరిపోదు, చీటీ మీద పేరు చదవండి. వెడోలిజుమాబ్ ప్రధానంగా పేగు మీదే పనిచేస్తుంది, వెన్నుకు దాని మీద ఆశ పెట్టుకోలేం. ఉపాడాసిటినిబ్ మాత్రలు రెంటికీ పనికొస్తాయి గానీ గర్భం ధరించే ఆలోచన ఉంటే వాటి జోలికి వెళ్లకూడదు. ఆ ఆలోచన మీకుంటే ఇద్దరు డాక్టర్లకూ ఇప్పుడే చెప్పండి.

సల్ఫాసలజీన్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ దాన్ని కీళ్లవాతం కోసమే తయారు చేయించారు. పెద్దపేగు పూతకూ అది పనిచేస్తుందని ఆమే గమనించారు. ఈ రెండు జబ్బుల చుట్టరికం అంత పాతది! మోకాళ్ల వాపుకు అది ఇప్పటికీ మంచిదే, వెన్నుకు మాత్రం పనిచేయదు. స్టెరాయిడ్లతోనూ వెన్నుకు ఒరిగేది తక్కువ.

ఏ ఇంజెక్షను మొదలుపెట్టినా ముందు క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు చేయించాలి. లోపల దాగి ఉన్న క్షయ ఈ మందులతో మళ్లీ రేగవచ్చు.

ఇద్దరిలో ఒకరిని ఎంచుకోకండి. ఒక కాగితం మీద ఏ మందు ఎప్పటి నుంచి వాడుతున్నారు, రోజుకు ఎన్ని విరేచనాలు, నిద్ర లేచాక వంగి పాదం అందుకోవడానికి ఎంతసేపు పడుతోంది, ఇవన్నీ రాసి ఇద్దరికీ అదే కాగితం చూపించండి. ‘ఒక్కసారి ఆ డాక్టరు గారితో ఫోనులో మాట్లాడండి’ అని మొహమాటపడకుండా అడగండి. అలా అడిగిన రోగి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఆ ఫోను మాట్లాడటం మా బాధ్యత. ఈలోగా కన్ను ఎర్రబడి నొప్పి పుట్టి, వెలుగు చూడలేకపోతే అది కూడా ఈ జబ్బు తాలూకు వాపే కావచ్చు, అదే రోజు కంటి డాక్టరును కలవండి.