ఏఐ కోర్సు కోసం నర్సింగ్ వదలాలా?

ప్రశ్న: మా పాప నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం చదువుతోంది. ఆసుపత్రిలో పేషెంట్లు మంచం మీద నుంచి పడిపోకుండా ముందే హెచ్చరించే ఏఐ గురించి సెమినార్‌లో విన్నదట. అప్పటి నుంచి నర్సు ఉద్యోగంలో చేరనంటోంది. హైదరాబాద్‌లో ఆరు నెలల ఏఐ కోర్సు చేస్తానని పట్టుబట్టింది. ఫీజు లక్షన్నర, హాస్టల్ ఖర్చు వేరే. రొయ్యల గుంటల మీద చేసిన అప్పే ఇంకా తీరలేదు. పంపమంటారా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: ఇప్పుడు పంపకండి. అలాగని పాప ఆశను కొట్టిపారేయకండి. ఆమెకు నచ్చిన పనికి నర్సింగే దగ్గరి దారి. డిగ్రీ చేతికొచ్చే వేళ దాన్ని పక్కన పెడితే, ఈ రంగంలో ఆమెకున్న అసలు బలమే పోతుంది. ఈ జవాబును ఇద్దరూ కలిసి చదవండి. కొన్ని సంగతులు మీకంటే ఆమెకే బాగా తెలుస్తాయి.

వార్డులో మనిషి పడిపోవడానికి ఒక్క కారణం ఉండదు. సాయంత్రం ఇచ్చిన లాసిక్స్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు) వల్ల పెద్దాయనకు అర్ధరాత్రి మూత్రం వస్తుంది. నిద్రమాత్ర మత్తు ఇంకా దిగదు. పడుకున్నవాడు ఒక్కసారిగా లేచి నిలబడేసరికి బీపీ పడిపోతుంది. చేతికి సెలైన్, పక్కన కదిలిపోయే స్టాండు, కాలికి వదులు చెప్పులు, బాత్రూమ్ ముందు తడి బండలు. మంచం పక్కనుండే కమ్మీ (సైడ్ రైల్) ఎత్తి ఉందని మనం ధీమాగా ఉంటే, తికమకలో ఉన్న రోగి దాన్ని దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతాడు. తుంటి ఎముక విరిగితే, వచ్చిన జబ్బు ఒకటి, ఇంటికి తీసుకెళ్లేది మరొకటి అవుతుంది.

ఈ ముప్పును లెక్కగట్టడానికి నర్సులకు మోర్స్ ఫాల్ స్కేల్ ఉంది. ఈమధ్యే పడి ఉంటే 25, రెండో జబ్బు కూడా ఉంటే 15, సెలైన్ లైను ఉంటే 20 మార్కులు. కర్ర లేదా వాకర్‌తో నడిస్తే 15, మంచాలూ బల్లలూ పట్టుకుని నడిస్తే 30. నడక బలహీనంగా ఉంటే 10, బాగా దెబ్బతింటే 20. ఒంటరిగా లేచి నడవడం తన వల్ల కాదన్న సంగతి గుర్తుండని రోగికి మరో 15. మొత్తం 125. చాలాచోట్ల 45 దాటితే ఎక్కువ ముప్పుగా తీసుకుంటారు, ఆ గీత ఎక్కడ గీయాలో ఆసుపత్రి తన రోగులను బట్టి నిర్ణయించుకుంటుంది. రెండు నెలల కిందట పడిన షుగర్ పేషెంటు న్యుమోనియాతో చేరి సెలైన్ మీద ఉంటే, నడక చూడకముందే 60 వచ్చేస్తుంది. పాపకు ఇదంతా తెలిసిన లెక్కే. ఏఐ వాళ్లు కంప్యూటర్‌కు నేర్పాలని చూస్తున్నది దీన్నే, ఇంకాస్త విస్తరించి.

ఈ పరికరాల్లో మూడు రకాలున్నాయి. ఒకటి, కేస్ షీట్లోని మందులు, వయసు, ల్యాబ్ రిపోర్టులు చూసి ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పే మోడల్, అంటే పాత రికార్డుల నుంచి నేర్చుకున్న ప్రోగ్రామ్. రెండోది, రోగి లేవబోతున్నాడని ముందే పసిగట్టేది: పరుపు కింద ప్రెషర్ ప్యాడ్, గోడ మీద రాడార్, లేదా శరీరపు కీళ్ల స్థానాలను గుర్తించే కెమెరా. మూడోది, పడిన తర్వాత గుర్తించేది. సెమినార్లలో ఎక్కువగా చూపించేది మూడోదే, ఎందుకంటే చూడటానికి బాగుంటుంది. కానీ అప్పటికే ఎముక విరిగి ఉంటుంది. రెండో రకానికి కూడా సమయం చాలా తక్కువ. రోగి మంచం అంచున కూర్చోవడానికీ నిలబడడానికీ మధ్య కొద్ది సెకన్లే. సిస్టర్ ఆ టైములో వార్డు అవతలి చివర ఇంజెక్షన్ చేస్తుంటే హెచ్చరిక వచ్చినా చేరుకోలేదు.

ఇక అసలు చిక్కు లెక్కల్లో ఉంది, పాప కాగితం మీద వేసి చూడాలి. వెయ్యి పేషెంట్ డేలకు (ఒక రోగి ఆసుపత్రిలో ఒక రోజు ఉంటే ఒక పేషెంట్ డే) ముగ్గురు పడుతున్నారనుకుందాం. మోడల్ పడేవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, పడనివాళ్లలో 90 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి గొప్పగా ఉంది. కానీ పడని 997 మందిలో పది శాతం అంటే దాదాపు వంద తప్పుడు హెచ్చరికలు. ముగ్గురిలోపు మనుషుల కోసం వందసార్లు పరుగు. అదే లెక్కలో, ‘ఎవరూ పడరు’ అని రోజూ చెప్పే పనికిరాని మోడల్‌కు 99.7 శాతం కచ్చితత్వం వస్తుంది. అందుకే ఏ కోర్సు బ్రోచర్‌లోనైనా ‘99 శాతం కచ్చితత్వం’ అని కనిపిస్తే, ఎన్ని హెచ్చరికల్లో ఒకటి నిజమని అడగాలి.

హెచ్చరికలు ఎక్కువైతే జనం వినడం మానేస్తారు, కొందరు గంట ఆపేస్తారు. అమెరికాలో బెడ్ అలారాల వాడకాన్ని పెంచి చూసిన ఒక ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. అలారాల వాడకం పెరిగింది గానీ పడిపోవడాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. గంట మోగాక ఎవరు వెళ్లాలి, ఎంతసేపట్లో వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి అన్నది తేలకపోతే ఎంత మంచి పరికరమైనా ఇంతే.

మన ఊళ్ల సంగతి ఇంకా వేరు. మన వార్డుల్లో రోగి పక్కన అటెండెంట్ ఉంటారు. రాత్రి రెండు మంచాల మధ్య చాప వేసుకుని నేల మీద పడుకుంటారు. అలాంటి దృశ్యం ఎన్నడూ చూడని మోడల్ ‘మనిషి కింద పడ్డాడు’ అని రాత్రంతా మోగుతుంది. రోగి మంచం అంచున కూర్చుని కూతురు అన్నం తినిపిస్తుంటే, రోగే లేవబోతున్నాడనుకుంటుంది. దుప్పటి తల దాకా కప్పుకుంటే కీళ్లు కనపడవు. కరెంటు పోయి జనరేటర్ వచ్చేలోపు పరికరం ఆగిపోయి, తిరిగి మొదలైందో లేదో ఎవరూ చూడరు. వీటిని సరిదిద్దగలిగేది రాత్రి డ్యూటీలో ఆ వార్డును చూసిన మనిషి. ఆరు నెలల కోర్సు చేసిన ఇంజినీర్లు చాలామంది దొరుకుతారు. వార్డు తెలిసి, డేటా కూడా తెలిసినవాళ్లు చాలా తక్కువ. మీ పాప విలువ అక్కడుంది.

డేటాలో ఇంకో లోతైన లోపం ఉంది. పడిపోయిన సంగతి రాస్తే తన మీదికి వస్తుందని నర్సు భయపడే చోట ఇన్సిడెంట్ రిపోర్టులే ఉండవు. అలాంటి రికార్డుల నుంచి నేర్చుకున్న మోడల్, నిజాయతీగా రాసే వార్డును ప్రమాదకరమని, దాచే వార్డును భద్రమని నమ్ముతుంది. ముప్పు ఉందని తెలిసి నర్సు జాగ్రత్తగా చూసుకున్న రోగి పడడు. డేటాలో మాత్రం ముప్పు లేనివాడిలా కనిపిస్తాడు. పడ్డాక తీయించిన ఎక్స్‌రేను పొరపాటున మోడల్‌కు ఇస్తే, జవాబు ముందే చూసేసినట్టు అద్భుతమైన ఫలితాలు వచ్చి, అసలు వార్డులో కుప్పకూలుతుంది. ఈ మూడూ పట్టుకోవడానికి నర్సు కన్నే కావాలి.

పాపకు నేను చెప్పే క్రమం ఇది. ముందు ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. తర్వాత కనీసం ఒకటి రెండేళ్లు మెడిసిన్, ఆర్థో లేదా న్యూరో వార్డులో పని. వీలైతే ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించే జాతీయ బోర్డు) గుర్తింపున్న ఆసుపత్రిలో చేరాలి, ఎందుకంటే అక్కడ పడిపోవడాలను నాణ్యతా సూచికగా లెక్కించాలి. నెలలో పడిన సంఖ్యను పేషెంట్ డేలతో భాగించి వెయ్యితో గుణిస్తారు: 800 డేలలో ఇద్దరు పడితే 2.5. ఈ లెక్క చూసే క్వాలిటీ విభాగంలో సాయం చేస్తానని అడగమనండి. చాలామంది అడగరు. ఎమ్మెస్సీ నర్సింగ్ ఆలోచన ఉంటే ఈ అనుభవం దానికీ పనికొస్తుంది. ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఎయిమ్స్ నిర్వహించే నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్ దారి తెరిచే ఉంటుంది.

చదువు పక్కనే సాగవచ్చు, రోజుకు గంట చాలు. 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ (నర్సింగ్‌లో కంప్యూటర్, డేటా వాడకం) ఉంది, ఆ నోట్సు మళ్లీ తీయాలి. తర్వాత ఎక్సెల్, ప్రాథమిక స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డేటాను సర్దే పాండాస్, ‘అవునా, కాదా’ అని అంచనా వేసే లాజిస్టిక్ రిగ్రెషన్. వీటికంటే క్లిష్టమైన డీప్ లెర్నింగ్ ఆఖరున. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఎల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. సాధనకు మిమిక్-4 అనే ఆసుపత్రి డేటాసెట్ డెమోలో పేర్లు తొలగించిన 100 మంది రోగుల రికార్డులు ఉచితంగా దొరుకుతాయి. అవి అమెరికా ఐసీయూవి, పడిపోవడాలను అంచనా వేయడానికి చాలవు, కానీ చిందరవందర డేటాను శుభ్రం చేయడం నేర్పుతాయి. వీడియోల కోసం పోలండ్ వాళ్ల యూఆర్ ఫాల్ డేటాసెట్ ఉంది: 30 పడిపోవడాలు, 40 మామూలు పనులు. అందులో పడేవాళ్లు నటించినవాళ్లు. నిజమైన ముసలాయన మంచం పట్టుకుని మెల్లగా జారతాడు. ఆ తేడా గుర్తించి ఒక పేజీ రాసినా ఇంటర్వ్యూలో చూపించదగ్గ పనే.

ఒక హెచ్చరిక. ప్రాజెక్టు పేరుతో వార్డులో ఫోన్ కెమెరా పెట్టకూడదు, కేస్ షీట్లు ఫొటో తీయకూడదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి ఉండాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. అసలు రోగులు లేకుండా, డమ్మీ మీద లేదా స్నేహితులతో, కాలేజీ స్కిల్ ల్యాబ్ మంచం మీద ఎంతైనా ప్రయత్నించవచ్చు. ఒంగోలు ట్రిపుల్ ఐటీలోనో, దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీలోనో కోడింగ్ తెలిసిన ఇద్దరిని కలుపుకుంటే పని వేగంగా నడుస్తుంది.

ఉద్యోగాల గురించి నిజం చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో ‘ఏఐ నర్సు’ అనే పోస్టు కోసం చూడకండి. క్వాలిటీ నర్సు, ఇన్ఫర్మాటిక్స్, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ అమలు, వైద్య పరికరాల కంపెనీల్లో క్లినికల్ శిక్షకురాలు – ఈ పేర్లతో వెతకాలి. నెల్లూరు నుంచి హైదరాబాద్ కంటే చెన్నై చాలా దగ్గర, అక్కడి పెద్ద ఆసుపత్రులనూ చూడండి.

రెండేళ్ల తర్వాత కూడా కోర్సు చేయాలనిపిస్తే అప్పుడు తన జీతంతో చేరవచ్చు. చేరే ముందు ఆ సంస్థను మూడు అడగండి: ఆసుపత్రి డేటాతో ఎవరు పాఠం చెబుతారు, ప్రాజెక్టు ఏ ఆసుపత్రి అనుమతితో జరుగుతుంది, నర్సింగ్ నుంచి వచ్చినవాళ్లు ఇప్పుడు ఏ ఉద్యోగంలో ఉన్నారు. వాళ్లలో ఇద్దరితో పాప నేరుగా ఫోన్‌లో మాట్లాడాకే డబ్బు కట్టండి.