ఆటోకు ముందు షాక్ గట్టిది వేయిస్తే మలుపుల్లో ఒరగడం తగ్గుతుందా?

గుంతలో పడితే బండి ముందు భాగం ఎగిరెగిరి పడుతోంది, మలుపు తిప్పితే పక్కకు ఒరుగుతోంది, ముందు షాక్ అబ్జార్బర్ గట్టిది వేయిస్తే రెండూ పోతాయా అని కదన్నా మీ ప్రశ్న. మొదటిది కంపెనీ కొలతకు సరిపోయే మంచి షాక్ వేయిస్తే పోతుంది. రెండోది పోదు. అనంతపురంలో తొమ్మిదేళ్లుగా ఆటో నడుపుతున్నాను. ఈ తేడా తెలియక ఒకసారి డబ్బులు తగలేసుకున్నాను కూడా.

వీడియోల్లో కనిపించే స్పైడర్ అనే విదేశీ మూడు చక్రాల బండి లాంటివాటికి ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మలుపులో బయటి వైపు చక్రం మీద బరువు పడి దాని షాక్ అణుగుతుంది. అక్కడ ముందు షాకులు గట్టివి వేస్తే ఒరగడం నిజంగానే తగ్గుతుంది. మన ఆటోకు ముందున్నది నడిమధ్యన ఒకే చక్రం. పక్కకు ఒరిగే బండిని అదెలా ఆపుతుంది? ఆ పని వెనక రెండు షాకులదే.

ఇక నా సంగతి. టవర్ క్లాక్ నుంచి బుక్కరాయసముద్రం వైపు తిరిగేవాణ్ణి. ముందు షాక్ ఆయిల్ కారిపోయింది. మెకానిక్ దాన్ని అలాగే ఉంచి, స్ప్రింగు మాత్రం గట్టిది ఎక్కించాడు. పూర్తిగా అతని తప్పనలేను, గట్టిది వెయ్యమని వెంటపడింది నేనే. స్ప్రింగు బరువు మోస్తుంది, దాని ఊపును ఆపేది ఆయిల్. ఆయిల్ లేని షాకుకు గట్టి స్ప్రింగు తోడైతే ఎలా ఉంటుందో మరుసటి రోజు చెరువు కట్ట మీద తెలిసింది. చిన్న గుంతకే చక్రం నేలను వదిలి లేస్తోంది, హ్యాండిల్ చేతిలో కొట్టుకుంటోంది. వెనక సీట్లో గుడ్ల ట్రేలు పెట్టుకున్న ఒకావిడ, "ఏం నాయనా, ఆటో తోల్తాండావా, గుర్రం తోల్తాండావా?" అనింది. ఆ రోజు కిరాయి అడగడానికి నోరు రాలేదు. తర్వాత ఆ స్ప్రింగు తీయించి, కంపెనీ కొలతకు సరిపోయే కొత్త షాకే వేయించాను. ఎగరడం ఆగింది, బ్రేకు వేస్తే ముక్కు కిందికి దిగడం కూడా తగ్గింది.

మీరు కొనే ముందు ఒక పని చేయండి. బండి ఆపి, ముందు భాగాన్ని ఒంటి బరువంతా వేసి కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగిపోతే షాక్ బాగున్నట్టే. రెండు మూడు సార్లు ఊగినా, రాడ్ చుట్టూ తడిసిన దుమ్ము పేరుకున్నా దాని పనైపోయింది. తర్వాత ముందు భాగాన్ని జాకీ మీద లేపి, చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్కుమంటే హ్యాండిల్ బేరింగో, బుష్షో అరిగింది. అవి మార్చకుండా ఎంత ఖరీదైన షాక్ వేసినా హ్యాండిల్ వణుకు పోదు. టైర్లలో గాలి కూడా చూసుకోండి. రాయిలా గట్టిగా కొట్టించి షాకును తిట్టేవాళ్లు మా స్టాండులోనే నలుగురున్నారు.

ఒరగడం తగ్గాలంటే వెనక షాకులు రెండూ జతగా మార్పించండి. ఒక్కటే మారిస్తే బండి ఒక పక్కకు వాలి నడవొచ్చు. డ్రైవరు పక్కన మనుషుల్ని కూర్చోబెట్టకండి. ముఖ్యంగా మలుపులో బ్రేకు వేయకండి, ముందే వేగం తగ్గించుకోండి. బ్రేకు పడగానే బరువు ముందుకీ బయటి మూలకీ దూకుతుంది, ముందు ఒకే చక్రం కాబట్టి ఆ మూలన ఆపడానికి చక్రం ఉండదు, ఆటో పల్టీ కొట్టే ప్రమాదం అక్కడే. ఎత్తు పెరగాలని స్ప్రింగు కింద వాషర్లు పెడతామని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోకండి. బండి ఎంత ఎత్తుంటే అంత తొందరగా పడుతుంది.

షాక్ మార్పించాక రెండు రోజులు తిరిగి, బోల్టులు మళ్లీ ఒకసారి బిగించమనండి. నాది మూడో రోజుకే వదులైంది.