ఈ ధరల్లో మా వయసు వాళ్లకి హైదరాబాద్‌లో సొంత ఇల్లు సాధ్యమేనా?

మీరు అడిగింది ఇదీ: వయసు 27, మాదాపూర్‌లో ఉద్యోగం, చేతికి 65 వేలు వస్తుంది. పెళ్లి సంబంధాల వాళ్లు సిటీలో ఇల్లుందా అని అడుగుతున్నారు. ప్రీలాంచ్‌లో (అంటే రెరా రిజిస్ట్రేషన్ రాకముందే అమ్మేటప్పుడు) ఒక ఫ్లాట్ చవగ్గా వస్తోందట. రెరా అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులని నియంత్రించే సంస్థ. నాన్నగారు ఊళ్లో ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మి ఇస్తానంటున్నారు. అసలు మన తరానికి సొంత ఇంటి యోగం ఉందా అని మీ బాధ.

ఉంది తమ్ముడూ. కాకపోతే ఔటర్ రింగ్ రోడ్డు పొడుగునా హోర్డింగుల మీద కనిపించే ఇల్లు కాదు. నేనూ, మా ఆయనా ఇద్దరం ఉద్యోగస్తులమే. 2021 చివర్లో నిజాంపేటలో ఒక పాత డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ కొనుక్కున్నాం. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందుగా, మీ ఈడు వాళ్ల గృహప్రవేశం ఫొటోలు చూసి కుమిలిపోకండి. నాకు తెలిసినవాళ్లలో ముప్ఫై లోపు ఇల్లు కొన్నవాళ్ల వెనక చాలావరకు నాన్న రిటైర్‌మెంట్ డబ్బో, మామగారిచ్చిన స్థలమో, అమెరికాలో ఉన్న అన్నయ్యో ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ బిర్యానీలు, సినిమాలు తగ్గించుకుంటే ఇల్లు అదే వస్తుందని పెద్దవాళ్లు అంటుంటే నాకు కోపం వస్తుంది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వేలంలో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. అంత పెట్టి భూమి కొన్నవాడు మీ జీతానికి సరిపోయే ఫ్లాట్ కట్టలేడు. మూడు పడక గదులు, క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్ ఉన్నవే కడతాడు. మీరు బిర్యానీ మానేసినంత మాత్రాన ఆ లెక్క మారదు.

అందరూ ఈఎంఐ గురించే మాట్లాడతారు. నిజంగా గొంతుకి అడ్డం పడేది మొదట్లో చేతి నుంచి పెట్టాల్సిన డబ్బు. ఉదాహరణకి 80 లక్షల కొత్త ఫ్లాట్ తీసుకోండి. ఆర్బీఐ నిబంధనల ప్రకారం లోను 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షలైతే 80 శాతం దాకా, అది దాటితే 75 శాతం దాకానే బ్యాంకు ఇవ్వగలదు. అంటే మీకు ఎక్కువలో ఎక్కువ 64 లక్షలు. మిగతా 16 మీవి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, ఇంకో 4 లక్షలు. అక్కడికే 26 లక్షలు చేతిలో ఉండాలి. కార్ పార్కింగ్, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ నిర్వహణ కోసం కట్టే నిధి), కబోర్డులు ఇంకా లెక్కలోకే రాలేదు. 64 లక్షలకి ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవయ్యేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 55,500. మీ జీతానికి అది కుదరదు. అలాంటి ఫ్లాట్లే మా పక్క గేటెడ్ కమ్యూనిటీలో పాతిక వేల లోపు అద్దెకి దొరుకుతున్నాయి. కాబట్టి అద్దె కట్టడం దండగ అనే మాట పట్టించుకోకండి. మిగిలింది నిజంగా దాస్తున్నంతకాలం అద్దె దండగ కాదు.

మీ జీతానికి 32 వేల ఈఎంఐ అంటేనే గట్టి బరువు. దానికి అదే వడ్డీ, అదే గడువు మీద 37 లక్షల దాకా లోను వస్తుంది. కాబట్టి మీరు వెతకాల్సింది 45 లక్షల చుట్టుపక్కల ఇల్లు. కొత్తది ఆ ధరకి చాలా దూరం పోతే తప్ప కష్టం. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, అమీన్‌పూర్ వైపు పదీ పదిహేనేళ్ల నాటి స్టాండ్‌ఎలోన్ అపార్ట్‌మెంట్లలో అడిగి చూడండి. లిఫ్ట్ చిన్నది, పార్కింగ్ ఇరుకు, జిమ్ ఉండదు. అయినా ఐదంతస్తుల చిన్న బిల్డింగు కాబట్టి భూమిలో వాటా బాగా వస్తుంది. మాది 1,050 చదరపు అడుగుల ఫ్లాటైతే, యూడీఎస్ (భూమిలో మా వాటా) 50 గజాలు. రీసేల్ కాబట్టి జీఎస్టీ లేదు.

అయితే ఇక్కడ చూసుకోవాల్సింది వేరు. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యేదాకా నిజాంపేట గ్రామ పంచాయతీయే. ఆ రోజుల్లో పంచాయతీ పర్మిషన్ తక్కువ అంతస్తులకే తెచ్చి, పైన ఇంకో రెండు మూడు వేసేసిన బిల్డింగులు ఎన్నో ఉన్నాయి. మాకు బాగా నచ్చిన మొదటి ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉండేది. తూర్పు ముఖం, గాలీ వెలుతురూ బ్రహ్మాండం. ప్లాన్ కాపీ అడిగితే ఓనర్ గారు రెండు వారాలు తిప్పించి, చివరికి తెచ్చింది జీ ప్లస్ టూ ప్లాన్, అంటే గ్రౌండ్ ఫ్లోర్, పైన రెండంతస్తులకే పర్మిషన్. వదిలేశాం. ఆ పై అంతస్తుకి బ్యాంకు లాయరు ఎలాగూ ఒప్పుకోడు.

తర్వాత ఇప్పటి ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోకరు నీళ్లకి ఢోకా లేదన్నాడు. కిందకి దిగి వాచ్‌మన్ భార్యని అడిగాను. బట్టలు ఇస్త్రీ చేస్తూనే చెప్పింది, "మంజీర నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయమ్మా, బోరు ఏప్రిల్‌లో ఎండుతది, అప్పుడు ట్యాంకర్లే" అని. పోయిన ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు ఫ్లాటుకి ఎంత పడిందో కూడా ఆమే చెప్పింది. ఆ ఖర్చు నెలవారీ లెక్కలో కలుపుకునే సిద్ధపడ్డాం. మీరూ ఏ ఇల్లు చూసినా వాచ్‌మన్ కుటుంబంతో ఐదు నిమిషాలు మాట్లాడకుండా రాకండి.

బేరం 43 లక్షలకి తెగింది. బ్యాంకు పంపిన వాల్యూయర్ (ఇంటి విలువ కట్టేవాడు) 40 లక్షలే వేశాడు. దాని మీద 32 లక్షల లోను. మిగతా 11, పైన రిజిస్ట్రేషన్. మా ఆయన చీటీ పాడుకున్నారు, నా నగలు బ్యాంకులో పెట్టాం. అప్పుడు వడ్డీ ఏడు శాతం కంటే తక్కువ, ఈఎంఐ 24 వేల పైచిలుకు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి పోయింది, దాంతో మా లోను వడ్డీ కూడా పెరిగింది. బ్యాంకు ఈఎంఐ పెంచలేదు, గడువు పెంచుకుంటూ పోయింది. స్టేట్‌మెంట్ తీసి చూస్తే కట్టేదంతా వడ్డీకే పోతోంది, అసలు కదలడం లేదు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మేమే బ్యాంకుకి వెళ్లి ఈఎంఐ ముప్ఫై వేలకి పెంచుకున్నాం. 2025లో రేట్లు తగ్గాయి కానీ మేం ఈఎంఐ తగ్గించుకోలేదు. అందుకే చెప్తున్నాను, మీ శక్తి మేరకు మొత్తం సాగదీసి లోను తీసుకోకండి. వడ్డీ రెండు శాతం పెరిగినా ఊపిరి ఆడేటట్టు ఉండాలి. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) హోం లోను ముందే కట్టేసినా పెనాల్టీ ఉండదు. బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో వేయండి. టాక్స్ కలిసొస్తుందని ఎవరైనా అంటే, కొత్త టాక్స్ విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదని గుర్తుంచుకోండి.

ప్రీలాంచ్ మాత్రం వద్దు. రెరా రిజిస్ట్రేషన్ రాకముందు అమ్మడమే చట్టవిరుద్ధం. రిజిస్టరైన ప్రాజెక్టులో కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మీకు చెప్పిన ఆఫర్‌లో మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలి కదా? ఆ తగ్గింపు అందుకే. మా ఆయన కొలీగ్ ఒకరు అలాగే కట్టారు. ఇప్పటికీ అక్కడ ఖాళీ స్థలం, ఒక బోర్డు. ఆయన అద్దె ఇంట్లోనే ఉంటూ ఆ డబ్బు కోసం చేసిన అప్పు తీరుస్తున్నారు.

ఇక మీ నాన్నగారి ఎకరం. మా నాన్నది మధిర దగ్గర పల్లెటూరు. ఆయన కూడా అమ్మేస్తానన్నారు. నేను ఒప్పుకోలేదు. మిర్చి డబ్బులు వచ్చినప్పుడు రెండు లక్షలు చేబదులు ఇచ్చారు, నెలనెలా తీర్చేశాం. మీ నాన్నగారికి పెన్షన్ లేకపోతే ఆయన ముసలితనానికి ఆధారం ఆ పొలమే. ఒకసారి అమ్మితే తిరిగి కొనడం మీ జీతంతో కాదు. మీకు 27 ఏళ్లే. నెలకి 20 వేలు పక్కన పెడితే 32, 33 కల్లా 45 లక్షల ఫ్లాట్‌కి కావాల్సిన చేతి డబ్బు సమకూరుతుంది. ఈలోగా పెళ్లయి ఆ అమ్మాయి కూడా ఉద్యోగం చేస్తే ఇంకా ముందే. సంబంధాల వాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇల్లు లేదని వెనక్కి పోయేవాళ్లని పోనివ్వండి.

ఆదివారాలు తిరిగి చూడ్డం మాత్రం ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, ధరలు మీకే తెలిసొస్తాయి. ఏదైనా నచ్చితే ప్లాన్ కాపీ, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు) చేతికి వచ్చాకే టోకెన్ ఇవ్వండి. ఆ కాగితాల్లో ఏం చూడాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, నాకు తెలిసినంత చెప్తాను.